సొంత రక్తమే మందగునా?

మోకాలి నొప్పికి రోగి రక్తమునే కొంత తీసి, అందలి ఒక భాగమును తిరిగి కీలులోనికి ఎక్కించు చికిత్స నేడు పట్టణములలో ప్రచారములో ఉన్నది. దీనిని పి.ఆర్.పి. అందురు, అనగా రక్తఫలకికలు సమృద్ధిగా గల ప్లాస్మా. మా కల్లూరు ప్రాంతమున నాట్లు వేసి, ప్రత్తి ఏరి మోకాళ్ళు అరిగినవారు తక్కువ కారు. అప్పు చేసియైనను ఈ సూది వేయించుకొనవలెనా అనునది వారికి ఉబుసుపోక ప్రశ్న కాదు.

సిద్ధాంతము ఆకర్షణీయమైనదే. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో 1,50,000 నుండి 4,50,000 వరకు రక్తఫలకికలుండును. ఇవి గాయమువద్ద గుమిగూడి రక్తస్రావమును ఆపుటయేగాక, కణవృద్ధిని ప్రేరేపించు ప్రోటీనులను విడుదల చేయును. రక్తమును యంత్రములో గిరగిర తిప్పినచో ఎర్రకణములు అడుగునకు చేరును, పసుపుపచ్చని ప్లాస్మా పైకి తేలును. పాలనుండి మీగడ తీయు యంత్రమును చూచినవారికి ఇది వింత కాదు. మృదులాస్థికి రక్తనాళములు లేవు. స్నాయుబంధనములకు రక్తప్రసరణ స్వల్పము. రక్తము చేరని చోటికి మరమ్మతు సామగ్రిని మనమే చేరవేయుచున్నామని వాదము. వాదము చక్కగా ఉన్నంతమాత్రమున మోకాలు చక్కబడదు.

చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థలో 78 మందిపై జరిపిన పరీక్ష 2013లో వెలువడినది. బాధను, బిగుసును, కదలికలోని కష్టమును కలిపి కొలుచు మానముపై (అంకె తగ్గినకొలది మేలు) ఒక సూది పొందినవారి సగటు సుమారు 50 నుండి 27కు దిగినది. ఉప్పునీటి సూది పొందినవారికి 46 నుండి 53కు పెరిగినది. దీనిని ఉత్సాహముతో ఉదహరించువారు, పరిశీలన ఆరు నెలలతో ముగిసినదనియు, అప్పటికే మేలు కొంత తగ్గుముఖము పట్టినదనియు చెప్పరు. నాకు మరింత వింతగా తోచినది ఉప్పునీటివారి సంగతి. ఇట్టి పరీక్షలలో వారికిని కొంత ఉపశమనము కలుగుట సామాన్యము. ఇక్కడ బాధ పెరిగినదేల?

2021లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో 288 మంది ఉన్నారు. అందరి రక్తమును తీసిరి; ఏ ద్రవమో తెలియకుండ సిరంజిని కప్పిరి. వారమునకొకటి చొప్పున మూడు సూదులు వేసిరి. ఏడాది తరువాత, సున్న నుండి పది వరకు గల బాధామానముపై ఫలకికలు పొందినవారికి 2.1, ఉప్పునీరు పొందినవారికి 1.8 తగ్గినది. మృదులాస్థి మొదటి వర్గమున 1.4 శాతము, రెండవదానిలో 1.2 శాతము తరిగినది. ఈ భేదములు గణాంకశాస్త్రరీత్యా లెక్కకు రావు.

ఉప్పునీరు 1.8 ఎట్లు తగ్గించెను? మోకాలి నొప్పి ఎప్పుడును ఒకే తీరున ఉండదు. అది మిక్కిలి ముదిరినప్పుడే మనము వైద్యుని వద్దకు పోదుము. అటుపై కొంత తనంతట తానే తగ్గును. ఆశ మరికొంత తగ్గించును. పొరుగువానికి గుణమిచ్చినదను సాక్ష్యమునకు విలువ లేకపోవుట ఇందువలననే.

మడమ వెనుకనుండు స్నాయుబంధనపు నొప్పి విషయమునను ఇదే కథ. 2010లో నెదర్లాండ్స్‌లో 54 మందిపై, 2021లో బ్రిటనులో 240 మందిపై వెలువడిన పరీక్షలు రెండింటను భేదము కానరాలేదు.

ఆస్ట్రేలియాలో వాడిన ద్రవమున ఫలకికల సాంద్రత చాలలేదని సమర్థకులందురు. ఈ ఆక్షేపణలో కొంత సత్యమున్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున, తెల్లకణములతోనో అవి లేకుండనో, ఈ ద్రవమును తయారుచేయుదురు. అట్లయిన తాము ఎక్కించునది ఎంత చిక్కనిదో వారును చెప్పవలెను గదా! రక్తకణములను లెక్కించు సాధనము జిల్లా కేంద్రమున దొరకనిది కాదు. సూదికి ముందు ఒక బొట్టును లెక్కించి, ఆ అంకెను రోగి చీటీపై వ్రాసి ఇచ్చుటకు నిమిషములు చాలును.