గప్పీ తొట్టెకు గోదావరి నీరు

గప్పీ ఖనిజ లవణాలున్న వెచ్చని నీటి చేప. వెనెజులా, గయానా తీరాల్లోనూ ట్రినిడాడ్ దీవిలోనూ సహజంగా పెరిగే ఈ చేపను 1859లో జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ పీటర్స్ శాస్త్రీయంగా వర్ణించాడు. ట్రినిడాడ్ నుంచి నమూనాలు పంపిన రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పేరు దీనికి స్థిరపడింది. దీనికి 24 నుంచి 28 డిగ్రీల వేడి, 7 నుంచి 8 మధ్య పీహెచ్, లీటరుకు 100 నుంచి 250 మిల్లీగ్రాముల కాఠిన్యం నప్పుతాయి. గోదావరి డెల్టాలో ఈ కొలతలకు దగ్గరగా ఉండే నీరు దొరకడం కష్టం కాదు. అయితే ఆ నీరు ఏడాది పొడవునా ఒక్కలా ఉండదు. గప్పీల పెంపకంలో శ్రమంతా ఆ మార్పులను తొట్టెలోకి రానివ్వకుండా చూడడమే.

1852లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పటి నుంచి డెల్టా ఊళ్లకు సాగునీరూ తాగునీరూ కాలువల వెంటే వస్తున్నాయి. వరదల రోజుల్లో వచ్చే ఎర్రనీటిలో సన్నని బంకమన్ను తేలుతుంటుంది. అది చేప మొప్పలకు పడదు. ఆ మట్టిని అడుగుకు దింపడానికి పటిక వేస్తారు, దానితో నీటి క్షారత కొంత తగ్గుతుంది. క్లోరిన్ మోతాదూ ఆ రోజుల్లో పెరగవచ్చు. మనిషికి హాని చేయని క్లోరిన్ మొప్పలను కాల్చేస్తుంది, వడపోత స్పాంజిలోని మేలుచేసే బ్యాక్టీరియానూ చంపుతుంది. కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలవుంచి గాలి పంపు పెడితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్ వాడాలి. రొయ్య హేచరీల్లో బ్లీచింగ్ చేసిన నీటిని వాడకానికి తెచ్చేది కూడా ఈ మందుతోనే.

వేసవిలో కాలువలు కట్టేస్తే ఊళ్లకు మంచినీటి చెరువులే దిక్కు. ఎండకు వాటిలో నాచు ముదిరి నీరు పచ్చబడుతుంది. పగటిపూట నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేయడంతో మధ్యాహ్నానికి పీహెచ్ పైకి పోతుంది, రాత్రి మళ్లీ దిగుతుంది. అందుకే అలాంటి నీటిని ఉదయం పట్టుకోవడం మేలు. ఈ ఎగుడుదిగుళ్లు ఎందుకు ప్రమాదమో తెలియాలంటే అమ్మోనియా సంగతి తెలియాలి. చేప విసర్జించేదీ, మిగిలిన మేత కుళ్లితే వచ్చేదీ అమ్మోనియాయే. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి దాదాపు నిరపాయం, రెండోది విషం. 28 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి అది ఆరు శాతం దాటుతుంది, 9కి నలభై శాతం దగ్గరకు వస్తుంది. నిన్నటిదాకా హాయిగా తిరిగిన చేపలు అంతే అమ్మోనియా ఉన్న నీటిలో ఈరోజు చచ్చిపోవడానికి కారణం ఇదే.

ఈ విషాన్ని తొలగించేది బ్యాక్టీరియా. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, ఇంకొకటి దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఇవి నెలకొనడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టె కొన్న రోజే పది చేపలు వేయడం, వారానికోసారి స్పాంజిని కుళాయి కింద పిండి తెల్లగా కడగడం అన్నవి ఇళ్లలో జరిగే పెద్ద పొరపాట్లు. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీటిలోనే జాడించాలి. వారానికి నాలుగోవంతు నీరు మారిస్తే నైట్రేట్ పేరుకోదు.

మంచినీళ్లే కదా అని మినరల్ వాటర్ టిన్ను పోయడం ఇంకో పొరపాటు. దాన్ని తయారుచేసే ఆర్‌వో యంత్రం లవణాలను చాలావరకు తీసేస్తుంది. క్షారత లేని నీటిలో పీహెచ్ నిలకడగా ఉండదు, గప్పీలు తోకలు ముడుచుకుని మందకొడిగా మారతాయి. నరసాపురం, మొగల్తూరు వైపు బోర్లలో పడే ఉప్పదనమున్న నీటిని కొంతవరకు గప్పీ తట్టుకుంటుంది, కానీ మెల్లగా అలవాటు చేయాలి. కొత్త నీటిని గంటసేపు కొద్దికొద్దిగా కలపాలి. భూమిలోంచి వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి ముందుగా గాలి పట్టించాలి.

భీమవరం, ఆకివీడు ప్రాంతపు ఆక్వా రైతుకు ఇవన్నీ చెరువు గట్టు మీద నేర్చుకున్న పాఠాలే. తెల్లవారుజామున ప్రాణవాయువు అట్టడుగుకు పడుతుందని అతనికి తెలుసు, అందుకే ఆ వేళకు ఏరియేటర్లు తిరుగుతుంటాయి. 30 డిగ్రీల నీటిలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువు నిలవదు. మే నెలలో మొక్కలు దట్టంగా ఉన్న తొట్టెకూ రాత్రంతా గాలి పంపు తప్పదు. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చెక్ ట్రేలో చూసి తర్వాతి మేత లెక్కగట్టే పద్ధతి గప్పీలకూ వర్తిస్తుంది: రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత. నీటిపై అనుమానమొస్తే ఆక్వా ల్యాబ్‌లో ఒక సీసా పరీక్ష చేయించడం ఈ ప్రాంతపు వారికి ఉన్న గొప్ప వసతి.

జబ్బులు ఎక్కువగా కొత్త చేపతోనే వస్తాయి. దాన్ని రెండు వారాలు వేరే తొట్టెలో ఉంచాలి. రెక్కల మీద ఉప్పురవ్వల్లా తెల్లమచ్చలు కనబడితే లీటరుకు రెండు గ్రాముల వరకు కల్లుప్పు విడతలుగా కలపవచ్చు. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్ విషాన్నీ అడ్డుకుంటుంది. జబ్బేమిటో తెలియకుండా యాంటీబయాటిక్ పోస్తే వడపోత బ్యాక్టీరియాకూ ముప్పే. కాలువ నుంచి హైడ్రిల్లా మొక్క తెస్తే బాగా కడగాలి; దానిలో దాగిన తూనీగ లార్వా గప్పీ పిల్లలను పట్టి తింటుంది.

ఆడ గప్పీ గుడ్లు పెట్టదు, దాదాపు నెలకోసారి పిల్లలనే కంటుంది. ఒకసారి మగదానితో కలిస్తే చాలు, నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. నాలుగు చేపల తొట్టె ఏడాది తిరక్కుండానే కిక్కిరిసిపోతుంది, నీరు చెడటానికి అదీ కారణమే. మగవాటిని వేరుచేయడం తేలికైన అదుపు. మిగిలిన పిల్లలను దుకాణానికి ఇవ్వవచ్చు, బయటికి దారిలేని సిమెంటు తొట్టెలో దోమ లార్వాల అదుపు కోసం పెంచవచ్చు. కాలువలో మాత్రం వదలకూడదు. అక్కడ పుట్టి పెరిగిన చిన్న చేపల మేతకు ఈ పరాయి చేప పోటీకి వస్తుంది, వాటి గుడ్లనూ తింటుంది, ఒకసారి పాతుకున్నాక దాన్ని ఏరివేయడం ఎవరి తరమూ కాదు.