అడిగిందెవరు?

పల్నాడులో పుట్టి అమెరికా సాంస్కృతిక చరిత్ర చదవడమేంటని నన్ను అడగనివాళ్లు లేరు. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో వెలసిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీలో చదువుకునే రోజుల నుంచీ ఈ ప్రశ్న నా వెంటే ఉంది. నా జవాబు సుసాన్ హామ్లిన్‌తో మొదలవుతుంది.

బానిసగా పుట్టిన ఆవిడ 1937 నాటికి పండు ముసలి. ఉండేది దక్షిణ కరొలినాలోని చార్ల్స్‌టన్‌లో. నిరుద్యోగులకు పని చూపే ప్రభుత్వ పథకం కింద 1936-38 మధ్య అలాంటి రెండు వేల మందికి పైగా మాటలను రాసిపెట్టారు. జెస్సీ బట్లర్ అనే తెల్లావిడ వస్తే, సాయం ఇచ్చే ఆఫీసు మనిషనుకుంది సుసాన్. యజమాని మంచివాడేనంది. నల్లజాతివాడైన అగస్టస్ లాడ్‌సన్ వెళ్లి అడిగాడు. అప్పుడు కొరడా దెబ్బలు బయటికొచ్చాయి. రాత్రి పెళ్లి చేసుకున్న జంటలో పెళ్లికూతుర్ని తెల్లారేసరికి అమ్మేయడం, ఆ పిల్ల తల్లి వీధిలోకొచ్చి తిట్టిపోయడం బయటికొచ్చాయి. మనిషీ ఆవిడే, బతుకూ ఆవిడదే. ఎదురుగా కూర్చున్నవాళ్లే మారారు.

అది చదివాక, పల్నాటి వీరులు పోరాడిన మా కారంపూడిని మునుపటిలా చూడలేకపోయాను. అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను 1970ల్లో అమెరికా నుంచి వచ్చిన జీన్ హెచ్. రోగైర్ రికార్డు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ఎంతో గౌరవించదగ్గ పని. అయినా, ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా పరాయి దేశస్థుడి ముందు గాలెయ్య ఏ ఘట్టం పెంచి పాడాడో, ఏది దాటేశాడోనని నా ఆలోచన.

కారంపూడిలో ఏటా ఆ వీరుల పేరిట కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజుల ఉత్సవం. అందులో మందపోరు అనే రోజున చాపకూడు, అంటే అన్ని కులాలవాళ్లూ కలిసి కూర్చుని చేసే భోజనం. దాని గురించి నేను నోట్‌బుక్ తీసి అడిగితే, “కులం లేదు సార్, అందరం కలిసే తింటాం” అనేవారు. ఆ కథ పాడే కుటుంబాల కుర్రాడొకడు నా విద్యార్థి. వాడు తాతనే అడిగాడు. ఆ తాత చిన్నప్పటి పంక్తిలో ఎవరు ఏ కొసన కూర్చునేవారో, వడ్డన ఎవరి చేతుల్లో ఉండేదో, మర్నాడు హోటల్లో మళ్లీ ఎవరి గ్లాసు వేరుగా ఉండేదో చెప్పుకుంటూ పోయాడు. చాపకూడు మొదలుపెట్టాడని చెప్పుకునే బ్రహ్మనాయుడి మీద భక్తి మాత్రం ఇసుమంత తగ్గలేదట. ఆ రెండూ ఒకే నోట వినడం నా నోట్‌బుక్‌కి సాధ్యమయ్యేది కాదు.

ఈ కార్తీకంలో ఫోన్లు పట్టుకుని కారంపూడి వెళ్లే పిల్లలకు నా విన్నపం ఒకటే. పాటతోపాటు ఏం అడిగారో, అడిగింది ఏ ఇంటివాళ్లో, పక్కన ఎవరెవరున్నారో కూడా రాయండి. పాడే ఇళ్లలో పుట్టినవాళ్లయితే మీ తాతల్ని ముందు మీరే అడగండి. మాలాంటివాళ్లం తర్వాత వస్తాం.