చెంబూ బిందే: డిజైన్, ఇంజనీరింగ్

అమెరికన్ డిజైనర్ దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ భారత ప్రభుత్వ ఆహ్వానంపై మన దేశంలో పర్యటించి, 1958లో ‘ఇండియా రిపోర్ట్’ సమర్పించారు. అహ్మదాబాద్‌లో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడటానికి ఈ నివేదికే ప్రాతిపదిక. అందులో వారు అన్నిటికంటే మిన్నగా మెచ్చుకున్న వస్తువు లోటా, అంటే మన చెంబు. దాన్ని ఏ ఒక్కరూ రూపొందించలేదనీ, తరతరాల వాడకంలో అది ఆ రూపానికి వచ్చిందనీ వారి అభిప్రాయం. అయినా దాన్ని కొత్తగా రూపొందించాలంటే ఏయే ప్రశ్నలు వేసుకోవాలో ఒక పెద్ద జాబితా ఇచ్చారు.

ఆ జాబితాలో రెండు రకాల ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు, వంచినప్పుడు బరువు ఎటు మొగ్గుతుంది? లోపల వేడి ద్రవం ఉంటే పట్టుకోగలమా? తయారీకి ఎంత ఖర్చవుతుంది? ఇవి ఇంజనీరు కొలిచి చెప్పగలిగినవి. అరచేతిలో ఎలా ఇముడుతుంది? కళ్లు మూసుకుని తాకితే ఎలా ఉంటుంది? బండ మీద పెడితే ఎలా మోగుతుంది? వీటికి వాడే మనిషే జవాబు చెప్పాలి. డిజైన్ అంటే పై అందం, ఇంజనీరింగ్ అంటే లోపలి గట్టిదనం అనే నిర్వచనం ఇక్కడ నిలవదు. చెంబు మెడనే చూడండి. వేళ్లకు పట్టు ఇచ్చేది అదే, బావిలోకి దించేటప్పుడు తాడు ఉచ్చు జారకుండా ఆపేదీ అదే. దాన్ని ఏ శాఖకు రాసిస్తాం?

అయితే ఈ జాబితాలో ఒక తడబాటు ఉంది. పాత్రను తల మీదా నడుము మీదా మోయడం గురించి కూడా అందులో ప్రశ్నలున్నాయి. చెంబును ఎవరూ చంకనెత్తుకోరు, అది బిందె పని. బావి దగ్గర నిలబడిన భంగిమకూ నడకలోని లయకూ పాత్ర ఎలా అమరుతుందని కూడా అడిగారు. మోసే చేతుల బలాన్ని వారు మరువలేదు గానీ, ఈ ప్రశ్న మాత్రం గట్టున నిలబడి చూసేవారిది. మోసేవారికి ముందు గుర్తొచ్చేది బరువు.

15 లీటర్ల నీరే 15 కిలోలు. ఇత్తడి సాంద్రత నీటికి 8 రెట్ల పైమాటే. పాలిథిన్ నీటికంటే తేలిక. ధర సంగతి అలా ఉంచినా, ప్లాస్టిక్ బిందె ఇంటింటికీ చేరడానికి ఈ లెక్క ఒక్కటి చాలు. దీనితో తయారీ కూడా పూర్తిగా మారింది. రేకును సుత్తితో సాగగొట్టే పని పోయి, వేడి ప్లాస్టిక్‌ను గాలితో ఊది అచ్చుకు అంటించే పద్ధతి వచ్చింది. ఆ అచ్చులో మరేదైనా ఆకారం చేయవచ్చు. అయినా బిందె బిందెలాగే ఉండిపోయింది: నడుము మీద కుదురుకునే పొట్ట, చేయి చుట్టుకునే మెడ, నీళ్లు చిందనివ్వని చిన్న మూతి. ఇంజనీరింగ్ జవాబులు మారాక కూడా నిలిచిన ఈ భాగాన్ని డిజైన్ అనవచ్చు.

అంతా నిలవలేదు. మోత పోయింది. పెళ్లి సామాను మీద పేర్లు చెక్కించే అలవాటు ప్లాస్టిక్‌కు అంటలేదు. ఎండకు పెళుసెక్కి పగిలాక, పాత ఇత్తడికి తూకంలో వచ్చే విలువ దానికి రాదు. పాడయ్యాక ఏం దక్కుతుందన్న ప్రశ్న ఈమ్స్ జాబితాలో ఉంది కూడా. ప్లాస్టిక్‌ను నిరసిస్తూ రాసేవారు ఈ నష్టాలను సరిగానే లెక్కపెడతారు. కుళాయి దగ్గర వరుసలో రంగురంగుల బిందెలు పెట్టిన స్త్రీలు ఏ లెక్క చూసుకుని వాటిని కొన్నారో మాత్రం అడగరు.