క్లౌడ్‌నకు పైథాన్ వ్రాత: గుణదోష విచారణ

పరీక్షా ఫలితములు వెలువడు ఉదయమున కృష్ణాజిల్లా కూచిపూడిలోని విద్యార్థి తన ఫోనులో హాల్‌టికెట్టు సంఖ్య నొక్కును. అదే గంటలో రాష్ట్రమందలి విద్యార్థులందరును అదే పని చేయుదురు. ఆ ఒక్క దినమునకు పెక్కు సర్వర్లు కావలెను. మరునాడు వానిలో అధికభాగముతో పని యుండదు. సర్వర్లను కొనక, కావలసినంత కాలము అద్దెకు తీసికొని విడిచిపెట్టు ఏర్పాటునే క్లౌడ్ అందురు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదున ఇట్టి కేంద్రమును ప్రారంభించినది.

అద్దె సర్వర్లను తెరపై మీటలు నొక్కి తెచ్చుకొనవచ్చును. కాని ఏ మీటను ఎందుకు నొక్కిరో కొన్ని నెలల పిమ్మట చెప్పుట కష్టము. అదే ఏర్పాటును మరియొకచోట తప్పులేకుండ చేయుట అంతకంటె కష్టము. అందుచేత కావలసినవానిని ఫైలులో వ్రాసి, దానినిబట్టి యంత్రమే నిర్మించునట్లు చేయు పద్ధతి వచ్చినది. 2011లో వచ్చిన క్లౌడ్‌ఫార్మేషన్, 2014లో వచ్చిన టెర్రాఫామ్ ఇందుకై పట్టికవంటి ప్రత్యేకమైన వ్రాతను కోరును. 2018లో పులుమి, 2019లో అమెజాన్‌వారి సి.డి.కె. పైథాన్ వంటి సామాన్య భాషలలోనే వ్రాయుటకు వీలు కల్పించినవి. ఈ మార్పు మేలైనదా అనునదే ఇక్కడి ప్రశ్న.

ముందొక భేదమును గుర్తింపవలెను. కూచిపూడి నాట్యశిక్షణలో గురువు ఒక్కొక్క జతిని పలుకుచుండగా శిష్యుడు ఆ క్రమముననే అడుగులు వేయును. ఇది క్రమమును చెప్పుట. అడుగుల మాట యెత్తక, చివరకు వేదికపై ఎవరెవరు ఎచ్చట నిలువవలెనో మాత్రమే చెప్పుట మరియొక పద్ధతి. పై సాధనములన్నియు ఈ రెండవ పద్ధతివే. పైథాన్ ప్రోగ్రాము నడచి తుదిరూపమును తెలుపును. సాధనము దానిని ఇప్పుడున్న స్థితితో పోల్చి, తేడాను మాత్రమే సరిచేయును.

పైథాన్ వలన లాభములు స్పష్టము. పది సర్వర్లకు పదిమారులు వ్రాయక ఒక లూప్‌తో సరిపెట్టవచ్చును. నిర్మాణమునకు ముందే ప్రోగ్రామును పరీక్షింపవచ్చును. క్రొత్త భాష నేర్వనక్కరలేదు.

దోషము కూడ ఆ లూప్‌లోనే దాగియున్నది. విజయవాడ, మచిలీపట్నం, కూచిపూడి అను మూడు ఊళ్ల పాఠశాలల రికార్డులకు మూడు నిల్వలు కావలెననుకొందము. వ్రాసినవాడు లూప్‌లో వానికి 0, 1, 2 అని వరుససంఖ్యలనే పేర్లుగా పెట్టినాడు. కొన్నాళ్లకు విజయవాడ నిల్వ అక్కరలేక, ఆ పేరును జాబితానుండి తీసివేసినాడు. ఇప్పుడు 0 మచిలీపట్నమునకు, 1 కూచిపూడికి చెందును. 2 లేనే లేదు. తగిన రక్షణ లేనియెడల సాధనము 2 అను నిల్వను చెరిపివేయును. అందున్నవి కూచిపూడి రికార్డులే! విజయవాడను తీయబోగా కూచిపూడి పోయినది. హాజరుపట్టికలో మొదటి విద్యార్థి మానివేసినపుడు అందరి సంఖ్యలును మార్చి, పాత మార్కులను ఆ సంఖ్యలయెదుటనే ఉంచినట్లున్నది ఈ పని.

టెర్రాఫామ్ వ్రాతలోను లెక్కనుబట్టి నిర్మించునపుడు ఈ ప్రమాదము గలదు. కావున నేరమంతయు పైథాన్‌దే యనుట న్యాయము కాదు. అయితే మూడు నిల్వలను విడివిడిగా వ్రాసిన ఫైలులో ఏది పోవునో చదివినవానికి కనబడును. లూప్‌లో అది కనబడదు. ప్రోగ్రామును మనస్సులో నడిపి చూచుకొనవలెను. షరతులును, ఒకదానినొకటి పిలుచు ఫంక్షన్లును పెరిగినకొలది ఆ పని మరింత కష్టమగును. వ్రాయువానికి మిగిలిన శ్రమ చదువువానిపై పడుచున్నది.

దీనికి మందు లేకపోలేదు. వరుససంఖ్యకు బదులు ఊరి పేరునే నిల్వకు పేరుగా పెట్టినచో, ఒకటి పోయినను మిగిలినవి చెదరవు. ఏవి మారునో, ఏవి పోవునో ముందుగా చూపు సౌకర్యము ఈ సాధనములలో గలదు. దానిని వ్రాసినవాడు గాక మరియొకరు చదివిన పిమ్మటనే పని సాగవలెను. ముఖ్యమైన నిల్వలకు చెరపరాదను రక్షణను జతచేయవలెను. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ ఉద్యోగి ఇచ్చిన ఒక ఆజ్ఞలో పొరపాటు దొర్లి, ఉద్దేశించినదానికంటె ఎక్కువ సర్వర్లు తొలగి, పెక్కు వెబ్‌సైట్లు కొన్ని గంటలు స్తంభించినవి. తరువాత ఆ సంస్థ, కనీస సంఖ్యకంటె తక్కువకు సర్వర్లను తగ్గింపనీయకుండ ఆ సాధనమునే సవరించినది. మనుష్యుని జాగ్రత్తకు యంత్రపు అడ్డు తోడుకావలెనని దీనివలన తెలియుచున్నది.

కావున పైథాన్ వాడుట తప్పు కాదు. దాని శక్తినంతయు వాడుట తప్పు. పొట్టిదగు ప్రోగ్రాముకంటె, క్రొత్తగా వచ్చినవాడు చదివి ఫలితమును చెప్పగల ప్రోగ్రామే ఇచ్చట మేలైనది. ఉపాధ్యాయులు పై మూడు ఊళ్ల ఉదాహరణమును నల్లబల్లపై వ్రాసి, మొదటి పేరును చెరిపి, ఏ నిల్వ పోవునో విద్యార్థులను అడుగవచ్చును. ఇందుకు కంప్యూటరు కూడ అక్కరలేదు.