ఇద్దరు వధువులు, రెండు కళాదృష్టులు: అమృతా షేర్‌గిల్ చిత్రకళ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

భారతీయ చిత్రకళలో ఆధునికతకు బాట వేసినవారిలో అమృతా షేర్‌గిల్ (1913–1941) అగ్రగణ్యురాలు. బుడాపెస్టులో సిక్కు తండ్రికి, హంగేరియన్ తల్లికి జన్మించి, పారిస్‌లో శిక్షణ పొంది, 1934 చివర భారతదేశానికి తిరిగివచ్చింది. 1936లో ఆరంభించిన దక్షిణయాత్రలో అజంతా గుహలను దర్శించి హైదరాబాదు చేరింది. ప్రసిద్ధ కళాసంగ్రాహకుడు మూడవ సాలార్ జంగ్ ఆమె చిత్రాలను కొనకుండా తిప్పిపంపాడు. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల కళాచరిత్రలో ఈ సంఘటనను ఒక సంపన్నుని అభిరుచిలోపంగా మాత్రమే చూడడం సరికాదు. దాని వెనుక రెండు కళాదృష్టుల ఘర్షణ ఉంది.

రెబెక్కా – షేర్‌గిల్ వధువు

సాలార్ జంగ్ మ్యూజియంలోని 'వెయిల్డ్ రెబెక్కా' ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. మొదటి సాలార్ జంగ్ దానిని 1876లో కొన్నాడు. రెబెక్కా బైబిలు కథలోని వధువు. కాబోయే భర్తను చూసి మేలిముసుగు వేసుకుంటుంది. పాలరాయి పలుచని వస్త్రమై, ఆ వస్త్రంలోంచి ముఖం కనిపించడమే అక్కడి అద్భుతం. చూపరి ముందుగా మెచ్చుకునేది ఉలి నైపుణ్యాన్ని.

దక్షిణయాత్ర తరువాత 1937లో షేర్‌గిల్ చిత్రించిన 'వధువు అలంకరణ'లో అటువంటి భ్రాంతికి చోటు లేదు. దేహం, వస్త్రం, గోడ అన్నీ విశాలమైన రంగుల పరపులుగా సరళమయ్యాయి. అజంతా అలంకరణ దృశ్యాల కూర్పు, గోగాఁ వంటి ఫ్రెంచి చిత్రకారుల వర్ణదృష్టి ఇందులో కలిసిపోయాయి. చుట్టూ స్త్రీలూ పిల్లలూ ఉన్నా పెళ్లి సందడి లేదు. వధువు ముఖంలో ఉల్లాసం లేదు. నైపుణ్య ప్రదర్శనతో అబ్బురపరచకుండా, ఆ మౌనం ఎదుట చూపరిని నిలబెట్టడమే ఈ చిత్రం సాధించినది. రెబెక్కాను ఆదరించిన అభిరుచికి ఈ వధువు కొరుకుడుపడకపోవడం సహజమే.

కరుణకు ఆవల

షేర్‌గిల్ చిత్రాలను కరుణరస ప్రధానాలుగా వ్యాఖ్యానించడం పరిపాటి. అయితే 'బ్రహ్మచారులు', 'సంతకు వెళ్తున్న దక్షిణ భారత గ్రామీణులు' చిత్రాలలోని మనుషులు జాలి కోరరు. నిలువెత్తు గాంభీర్యంతో ఫలకాన్ని ఆక్రమిస్తారు. ఇది ఆమె రూపదృష్టి సాధించిన విజయం. దాని పరిమితీ ఇక్కడే ఉంది. సంతకు వెళ్లేవారిలో బేరం, తొందర, కోపం, నవ్వు కనిపించవు. సంపన్న కుటుంబపు స్త్రీ గ్రామీణులకు గౌరవాన్ని ఇచ్చింది కాని, మాటను ఇవ్వలేదు.

ముగింపు

1976లో భారత ప్రభుత్వం ఆమె కృతులను జాతీయ కళానిధులుగా ప్రకటించింది. నాటి తిరస్కారం ఆమె ప్రతిభకు కొలమానం కానట్లే, నేటి గౌరవమూ విమర్శకు ముగింపు కాజాలదు. ఆ చిత్రాలలోని గాంభీర్యాన్నీ మౌనాన్నీ కలిపి పరిశీలించినప్పుడే ఆమె తెచ్చిన ఆధునికత స్వరూపం సమగ్రంగా బోధపడుతుంది.