ఎర్ర ప్లేటు, నల్ల పలక

ఆ ప్లేటు ఏడంగుళాల వెడల్పు ఉంటుంది. రంగు ఎరుపు. చంద్రశేఖరపురంలో ఒక ఇంటి వసారాలో, పొద్దున్నే పడే ఎండకు దాన్ని ఏటవాలుగా పట్టుకుంటే పాట కంటికే కనబడుతుంది. అంచు దగ్గర గీతలు నున్నగా, నూనె రాసినట్టు ఉంటాయి. అక్కడ ఒక బరువైన గొంతు బైబిలు చివరి గ్రంథంలోని మాటలు చదువుతుంది. వెలుగు కాస్త లోపలికి జరిగేసరికి నునుపు చెదిరి, ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది. గిటార్లు, డ్రమ్ములు, బ్రూస్ డికిన్సన్ పెట్టిన ఆ పొడుగాటి కేక, అన్నీ అక్కడే ఉన్నాయి.

ఇంగ్లండుకు చెందిన హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ 1982 ఏప్రిల్‌లో విడుదల చేసిన ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ సింగిల్ అది. కవరు మీద డెరెక్ రిగ్స్ గీసిన ఎడ్డీ అనే భూతం. రెండో వైపు ‘రిమెంబర్ టుమారో’, కచేరీలో పాడింది. మామూలు నల్ల ప్లేట్లతో పాటు కొన్నింటిని ఎర్రగా కూడా అచ్చొత్తారు. పాట ఒకటే, నిడివి ఒకటే. అయినా ఎర్రదాని కోసం ఏళ్ళ తరబడి వెతికేవాళ్ళున్నారు. ఎందుకలా అన్నదానికి ఈ శీర్షిక రాసే మనిషికి మార్కాపురం పలకల దగ్గర జవాబు దొరికింది.

ఒకప్పుడు బడికి వెళ్ళే పిల్లల చేతిలో పలక ఉందంటే అది చాలామటుకు మార్కాపురం నుంచి వచ్చిందే. అన్నీ నల్లవే, అన్నిటికీ చెక్క చట్రమే. నలభై పలకలు ఒకచోట దొంతర పెడితే ఎవరిది వాళ్ళు తీసుకోవడం పిల్లలకు క్షణంలో పని. ఒకడి పలకకు మూల విరిగి ఉంటుంది. ఇంకొకడు చట్రానికి ఎర్రదారం చుట్టి ఉంటాడు. ఒక పిల్ల బొట్టుబిళ్ళ అంటించి ఉంటుంది. గుర్తు లేని పలక నాది కాదు, అంతే.

గ్రామఫోను ప్లేటుకూ పలకకూ రాతి చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు. నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే పాత ప్లేటులో మూడింట ఒక వంతు లక్క. మిగతాదంతా మెత్తగా నూరిన రాతిపొడి, ఎక్కువగా పలకరాయీ సున్నపురాయీ. పట్టు కోసం కాస్త నూలు పీచు, నలుపు కోసం మసి. ఏటికొప్పాక బొమ్మకు మెరుపునిచ్చే లక్కే ఇది. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు కట్టే ఆ లక్క మన దేశం నుంచి ఓడలెక్కి వెళ్ళి, ప్రపంచం నలుమూలలా ప్లేట్లయింది. కింద పడితే పలకలాగే భళ్ళున పగిలేది కూడా అందుకే.

కపిలవాయి రామనాథశాస్త్రి నాటక పద్యాలు జనం విన్నది ఆ లక్క ప్లేట్ల మీదే. ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’, ‘కుంతీ విలాపం’ ఊరూరా తిరిగిందీ వాటి మీదే. తర్వాత వినైల్ వచ్చింది. పగలదు, బరువు తక్కువ, గరగర తక్కువ. సినిమా పాటలు ఏడంగుళాల ఈపీలుగా వచ్చాయి. జనం నోట మాత్రం అది కుక్క గుర్తు ప్లేటుగానే ఉండిపోయింది.

ఆ కుక్క గుర్తు కంపెనీ, అంటే గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, అప్పట్లో లండన్ ఈఎంఐ చేతిలో ఉండేది. ఐరన్ మెయిడెన్ ఎర్ర ప్లేటు వేసిందీ ఈఎంఐయే. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తెలుగు పాటలు అచ్చొత్తే కంపెనీకీ, లండన్‌లో ఈ కేకలను అచ్చొత్తిన కంపెనీకీ 1982లో యజమాని ఒకరే. బీటిల్స్ పాటలను 1960ల్లో ఇదే డమ్‌డమ్ 78 ప్లేట్లుగా కూడా తీసింది. వాళ్ళ సొంత దేశం అప్పటికే 78లను వదిలేసింది. ఇప్పుడు ఆ ప్లేట్ల కోసం దేశదేశాల వాళ్ళు వెతుకుతున్నారు.

రంగు సంగతికి వద్దాం. వినైల్‌కు, అంటే పీవీసీకి, పుట్టుకతో నలుపు లేదు. మసి కలిపితేనే నల్లబడుతుంది. మసి మలినాలను కప్పేస్తుంది, ప్లేటుకు గట్టిదనం కూడా ఇస్తుందంటారు. మసి మానేసి ఇంకో రంగు కలిపితే ఆ రంగు ప్లేటు వస్తుంది. 1949 మార్చిలో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 45 వేగపు ఏడంగుళాల ప్లేటును మొదటిసారి అమ్మకానికి పెట్టినప్పుడు పాటల రకాన్ని బట్టి ఏడు రంగులు వాడింది. శాస్త్రీయానికి ఎరుపు, పల్లెపాటలకు ఆకుపచ్చ, పిల్లల పాటలకు పసుపు, మామూలు పాప్ పాటలకు నలుపు. సింగిల్ అనే వస్తువు పుట్టడమే రంగులతో పుట్టింది. ఖర్చు తగ్గించుకోవడానికి అందరూ మళ్ళీ నలుపుకు దిగారు.

ఆ రంగుల్ని మళ్ళీ పైకి తెచ్చిన వాళ్ళలో మెటల్ బృందాలున్నాయి. మోటర్‌హెడ్ 1979లో ‘బాంబర్’ సింగిల్ వేసినప్పుడు మొదటి 20,000 ప్లేట్లు నీలం. ఇది కంపెనీ అమ్మకం కోసం వేసిన ఎత్తే, కాదనక్కర్లేదు. కానీ దాన్ని కొన్న కుర్రవాడికి అది ఎత్తుగా తోచలేదు. లక్షల మంది వినే పాటలో తన వంతు ఏదో తనకు దక్కినట్టు తోచింది. చట్రానికి ఎర్రదారం చుట్టిన పిల్లవాడి సంతోషమే అది. దాన్ని చిన్నచూపు చూడటం ఈ రచయితకు చేతకాదు.

ఊళ్ళలో ఇలా గుర్తు పెట్టుకునే పని మైకుసెట్టు వాళ్ళు ముందే చేశారు. పెళ్ళికి, జాతరకు, భైరవకోన తిరునాళ్ళకు ఒకటికి రెండు సెట్లు పోటీగా దిగితే ప్లేట్లు తారుమారయ్యే ప్రమాదం. అందుకని ప్రతి ప్లేటు నడుమ అంటించి ఉండే కాగితం మీద ఎర్ర పెయింటుతో తమ పేరులోని ఒక అక్షరం రాసుకునేవారు. ఇవాళ పాత సామాన్ల కొట్లలో దొరికే తెలుగు ఈపీల మీద అలాంటి అక్షరాలు కనబడితే చాలామంది వెల తగ్గించి అడుగుతారు. అది తప్పు లెక్క. ఆ అక్షరం ఆ ప్లేటు ఏ పందిట్లో పాడిందో చెప్పే చిరునామా.

గుర్తులు చదవడంలో తెలుగువాళ్ళకు గురువు వి.ఎ.కె. రంగారావు. మద్రాసులో ఆయన 40,000కు పైగా ప్లేట్లు కూడబెట్టారు. ‘ఆలాపన’ శీర్షిక రాస్తూ, ప్లేటు అంటే పాట ఒక్కటే కాదనీ, దాని నంబరు, దాని మీద అచ్చయిన పేర్లు కూడా చరిత్రేననీ ఒక తరానికి అలవాటు చేశారు. మెటల్ ప్లేట్లు వెతికేవాళ్ళు చేసేదీ సరిగ్గా ఇదే. పాట అయిపోయాక కాగితం చుట్టూ మిగిలే నున్నటి జాగాలో గీసిన అంకెల్ని భూతద్దంతో చదువుతారు. లండన్‌లో జార్జ్ పెక్‌హామ్ అనే నిపుణుడు తాను చెక్కిన ప్లేట్ల మీద అక్కడే తన ముద్దుపేరు గీసేవాడు. అదీ ఒక గుర్తే.

పశ్చిమ ప్రకాశం ఎండలో వినైల్‌ను కాపాడుకోవడం మాత్రం పెద్ద పని. తపాలాలో తెప్పించుకున్న నీలం ‘బాంబర్’ ఒకటి మే నెలలో వచ్చింది. అమ్మినవాళ్ళు పల్చటి కవరులో పెట్టి పంపారు. విప్పి చూస్తే అప్పడంలా వంకరపోయి ఉంది. ముల్లు పెడితే అలల మీద పడవలా లేచి పడుతోంది. నునుపు చేసిన రెండు మార్కాపురం రాళ్ళ మధ్య దాన్ని ఉంచి, పైన బరువు పెట్టి, చల్లటి గదిలో నెల రోజులు వదిలేస్తే చాలావరకు సర్దుకుంది. ఇప్పటికీ ఒక చోట చిన్నగా ఎగురుతుంది. ఎక్కడ ఎగురుతుందో చెవికి కంఠతా వచ్చింది.

ప్లేట్లే కాదు, పాడేవాళ్ళూ ఇటు వచ్చారు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడింది. హైదరాబాద్‌లో పుట్టిన డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ 2018లో ‘స్వార్మ్’ ఈపీ, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చింది. మనకు ఈ సంగీతం పరాయిది కాదు.

మొన్న ఆ వసారాలోకి ఒక పెద్దాయన వచ్చాడు. యాభై ఏళ్ళ కిందట ఈ చుట్టుపక్కల ఊళ్ళలో మైకుసెట్టు నడిపిన మనిషి. ఎర్ర ప్లేటు కంటబడగానే, “ఏంది నాయనా, ప్లేటు ఎర్రగా ఉండాది?” అని చెయ్యి చాచాడు. గీతల మీద వేలు పడకుండా, రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని అందుకున్నాడు. ఇన్నేళ్ళకూ ఆ చేతులు మరిచిపోలేదు. ఎండకు తిప్పి చూశాడు, ఉఫ్‌మని దుమ్ము ఊదాడు. నడుమ కాగితం దగ్గర కళ్ళు చికిలించి చాలాసేపు వెతికాడు.

“ఇంతకీ నీ గుర్తు ఏదీ?” అన్నాడు.