పదపట్టిక అడగని ప్రశ్న

జార్జి గ్రియర్సన్ పర్యవేక్షణలో 1903–1928 మధ్య వెలువడిన భారతీయ భాషా సర్వేక్షణ సంపుటాలు 179 భాషలను, 544 మాండలికాలను నమోదు చేశాయి. స్థానిక కథనాలకు చోటిచ్చినా, పోలికకు ఆధారం బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథకు అనువాదాలు, ఉమ్మడి పదవాక్య పట్టిక. దీనివల్ల భాషల బంధుత్వం తేటపడింది. కాని పట్టిక అడగని మాట నమోదు కాలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయ పదాలను రైతుల నోటి నుంచే సేకరించింది. కాడి, మేడి, కర్రు, నొగ వంటి మాటలు పనిముట్టును చూపి అడిగితేనే తమ ప్రాంతీయ రూపాలతో బయటపడతాయి. అయితే ఆ కృషి ఒక్క తెలుగుకే పరిమితం.

గోండి, కొలామి భాషల్లో నిత్యవ్యవహార పదాలు సేకరించే నేటి పరిశోధకులకు ఈ రెండు పద్ధతులూ అవసరమే. తెలుగు ప్రశ్నావళికి రాబట్టిన అనువాదాన్నే ఆ భాష వాడుకగా భావిస్తే, మనం సేకరించేది మన తెలుగు నీడనే.